ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్: సాహస స్థలాన్ని కట్టడం నేర్పే చిన్న పుస్తకం

ఆటగాళ్లు ఒక్కో పాత్రను ధరించి ఊహాలోకంలో సాహసాలు చేసే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలను నడిపించే డన్జియన్ మాస్టర్లలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది. రాత్రుళ్లు కూర్చొని గళ్ల కాగితం మీద ఒక కోటనో గుహనో గీస్తారు, గదికో రాక్షసుడిని పెడతారు, రాక్షసుడికి కాస్త బంగారం ఇస్తారు, తలుపులకు ఉచ్చులు అమరుస్తారు. ఆట మొదలయ్యాక మాత్రం ఆటగాళ్లు ఒక గదిలోని వారిని చంపి, పక్కగది తలుపు తెరిచి, అక్కడివారినీ చంపి ముందుకు సాగిపోతారు. అంతసేపు కత్తుల చప్పుడు వినిపిస్తున్నా పక్కగదిలోని వారు ఎందుకు కదలలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ స్థలంలో గదులున్నాయి గానీ కాపురాలు లేవు. ఈ లోపాన్ని సరిదిద్దుకోవడానికి నేను చదివిన సలహాల పుస్తకాలన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడినది నలభై ఏళ్లు దాటిన ఒక చిన్న మాడ్యూల్, అంటే ఆడించడానికి సిద్ధంగా రాసిన సాహసాల పుస్తకం. అందుకే దాన్ని ఇక్కడ సమీక్షిస్తున్నాను.

దాని పేరు ‘ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్’. రాసినవారు గ్యారీ గైగాక్స్. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో డన్జియన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రపంచానికి అందించిన గైగాక్స్, ఆ ఆటను కొత్తగా నేర్చుకునే వారి కోసమే దీన్ని రాశారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణంలో పనిచేసిన టీఎస్ఆర్ సంస్థ దీన్ని ప్రచురించి, ఆట ప్రాథమిక నియమాల పెట్టెలో భాగంగా కూడా అందించింది. 1981లో నియమాలను తిరగరాసి విడుదల చేసిన పెట్టెలోనూ ఇదే మాడ్యూల్ ఉంది. ఆ రోజుల్లో ఆట మొదలుపెట్టిన వారిలో ఎంతోమంది మొదటిసారి అడుగుపెట్టిన సాహస స్థలం ఇదే కావడానికి కారణం అది. మొదటి నుంచి మూడో స్థాయి వరకు ఉన్న పాత్రలకు, అంటే ఇంకా బలం పుంజుకోని కొత్త సాహసికులకు, ఇది సరిపోతుంది. ఇకపై రాసేదాంట్లో మాడ్యూల్‌లోని రహస్యాలు బయటపడతాయి కనుక, దీన్ని ఆటగాళ్లుగా ఆడబోయేవారు ఇక్కడితో ఆపి, ఈ సమీక్షను తమ డన్జియన్ మాస్టర్‌కు పంపడం మంచిది.

స్థలం మూడు భాగాలుగా ఉంటుంది. నాగరిక రాజ్యం అంచున నిలిచిన కోట ఒకటి, దాని చుట్టూ అడవి, చిత్తడి నేల, దారి ఉన్న బయలు ప్రాంతం ఒకటి, ఆ అడవి అవతల ఒక కొండ చీలికలో ఉన్న గుహల సముదాయం ఒకటి. ఆ గుహలను ‘కేవ్స్ ఆఫ్ కేయాస్’ అంటారు. చీలికకు రెండు వైపులా రాతి గోడలు సుమారు వంద అడుగుల ఎత్తు లేస్తాయి. ఆ గోడల్లో వేర్వేరు ఎత్తుల్లో చీకటి నోళ్లలాంటి గుహ ద్వారాలు కనిపిస్తాయి. ఆంగ్ల అక్షరక్రమంలో ఏ నుంచి కే వరకు 11 గుహలు, వాటిలో 64 అంకెలు వేసిన చోట్లు ఉన్నాయి. నీలిరంగులో అచ్చైన గుహల పటం అట్ట లోపలి వైపే ఉంటుంది కనుక, అట్టను విడదీసి ఎదురుగా నిలబెట్టుకుంటే ఆటగాళ్లకు కనిపించకుండా చూసుకోవచ్చు.

ఈ పటంలో నాకు అన్నిటికంటే నచ్చింది, ఏ ద్వారంలోకి ముందు వెళ్లాలో అది చెప్పకపోవడం. చీలిక ముందు నిలబడిన ఆటగాళ్లకు చాలా ద్వారాలు ఒకేసారి తెరిచి ఉంటాయి. మొత్తం మీద చూస్తే కింది వరుసలో బలహీనులు, పైకి వెళ్లేకొద్దీ బలవంతులు ఉంటారు గానీ, ఆ సంగతిని ఎవరూ బోర్డు పెట్టి చెప్పరు. కాపలావారి జాడలు చూసి, కోటలో విన్న మాటలు గుర్తుచేసుకొని ఆటగాళ్లే తేల్చుకోవాలి. తాము ఎంచుకున్న దారి కాబట్టి, అక్కడ ఎదురైన గెలుపోటములను తమవిగానే భావిస్తారు. మనం సొంతంగా స్థలం గీసుకునేటప్పుడు ఒకే ప్రవేశద్వారం పెట్టి, గదులను దండలో పూసల్లా వరుసగా గుచ్చడం వల్ల పోగొట్టుకునేది సరిగ్గా ఈ భావననే.

ఇక గైగాక్స్ పనితనం తెలియాలంటే మొదటి గుహను దగ్గరగా చూడాలి. అందులో కోబోల్డులు ఉంటాయి. ఆటలోని ప్రాణుల్లో అంతకంటే అల్పమైనవి అరుదు. లోపలికి 30 అడుగులు నడవగానే నేలలో మూత వేసిన గొయ్యి వస్తుంది. ముందు వరుసలో నడిచేవారు అందులో పడితే మూత తిరిగి మూసుకుపోతుంది, బయటినుంచి ఎవరైనా సాయం చేస్తే తప్ప పడినవారు పైకి రాలేరు. ఆ చప్పుడుకు ఒక పక్క నుంచి కాపలా కోబోల్డులు, మరో పక్క నుంచి పెద్ద ఎలుకలు వస్తాయి. ఇంతవరకు ఏ మాడ్యూల్ అయినా రాయగలదు. అయితే, గొయ్యి దాటడానికి వాడే చెక్క పలకలు అవతల కాపలా గదిలో పేర్చి ఉన్నాయని గైగాక్స్ మరో చిన్న వాక్యం చేర్చారు. ఆ వాక్యంతో ఉచ్చు కాస్తా ఇల్లయింది. ఈ కోబోల్డులు రోజూ ఇదే దారిలో వస్తూ పోతూ ఉంటాయి, వాటికీ ఈ గొయ్యి అడ్డమే, అందుకే పలకలు వేసుకొని దాటి మళ్లీ తీసేస్తాయి అని ఒక్కసారిగా అర్థమవుతుంది. వేచి చూసే ఓపిక ఉన్న ఆటగాళ్లు పలకలు వేసే సమయాన్ని కనిపెట్టవచ్చు, పలకలు చేజిక్కితే వెనక్కి తగ్గేటప్పుడు వాటిని లాగేయవచ్చు. సొంత స్థలాల్లో ఉచ్చు పెట్టే ప్రతిసారీ, అక్కడ కాపురమున్నవారు దాన్ని రోజూ ఎలా దాటుతున్నారని నేనిప్పుడు నన్ను అడుగుతాను. సమాధానం దొరకని ఉచ్చును తీసేస్తాను.

రెండో ఉదాహరణ ఇంకా విలువైనది. గోబ్లిన్లనే రాక్షస తెగ కాపలా గదికి ఆనుకొని, ఒక రహస్య ద్వారం అవతల ఓగర్ అనే మహాకాయుడు ఒంటరిగా ఉంటాడు. శత్రువులు మీదపడితే గోబ్లిన్లు 250 బంగారు నాణేల సంచిని ఆ ద్వారం గుండా అతని ముందుకు విసురుతాయి, అతను వచ్చి వాటి తరఫున పోరాడతాడు. స్నేహంతోనో జాతి అభిమానంతోనో రాడు, డబ్బు కోసం వస్తాడు. ఈ ఒప్పందం గురించిన సూచన కోటలోనే దొరుకుతుంది. అక్కడివారిని కదిలిస్తే వినిపించే 20 వదంతుల జాబితాలో, గుహల్లో ఉండేవారికి ఓగర్ అప్పుడప్పుడు సాయం చేస్తాడన్నది ఒకటి. ఆ 20లో కొన్ని నిజాలు, కొన్ని అబద్ధాలు. గుహల్లో ఒక అందమైన యువతి బందీగా ఉందన్నది అబద్ధం, బందీగా ఉన్న వర్తకుడు తనను విడిపించినవారికి ప్రతిఫలం ఇస్తాడన్నది నిజం. మా బృందంతో దీన్ని ఆడించినప్పుడు వారు ఓగర్ వదంతిని పట్టుకున్నారు. గోబ్లిన్ల జోలికి వెళ్లకముందే అతని గుహను వెతికి, గోబ్లిన్లు ఎంత ఇస్తే అంతకు రెట్టింపు ఇస్తామని బేరం పెట్టారు. మాడ్యూల్‌లో ఈ బేరం ఎక్కడా రాసి లేదు. అయినా అతని మనసులో డబ్బే ఉందని మాడ్యూల్ చెప్పేసింది కనుక, అతను ఏమంటాడో నిర్ణయించడానికి నేను పుస్తకం తిరగేయాల్సిన పని పడలేదు. మంచి సాహస స్థలానికి నేను పెట్టుకునే కొలత ఇదే. ఆటగాళ్లు ఊహించని పని చేసినా, స్థలం దగ్గర సమాధానం ఉండాలి.

ఇలాంటి లెక్కలు గుహల్లోని రాక్షస తెగలన్నిటి మధ్యా ఉన్నాయి. ఒక వైపు గోబ్లిన్లు, హాబ్‌గోబ్లిన్లు, మరో వైపు ఓర్కులు, కొన్నిసార్లు వాటికి తోడుగా నోల్‌లు. ఈ రెండు పక్షాల మధ్య ఎడతెగని పోరు సాగుతుంటుంది. తమ ఊసు ఎవరికీ గుర్తు రాకపోతే చాలని కోబోల్డులు కోరుకుంటాయి. దారి తప్పి ఒంటరిగా దొరికినవారిని బగ్‌బేర్లు మట్టుపెడతాయి. గైగాక్స్ ఇదంతా ఒక్క చిన్న పేరాలో చెప్పి వదిలేశారు గానీ, మాడ్యూల్ మొత్తానికి ప్రాణం ఆ పేరాయే. తెలివైన ఆటగాళ్లు కత్తి దూయకుండానే ఒక తెగను మరో తెగ మీదికి ఉసిగొల్పవచ్చు. హాబ్‌గోబ్లిన్ల గుహలో విందుకోసం గొలుసులతో కట్టేసిన బందీల్లో వర్తకుడు, అతని భార్యతోపాటు ఒక ఓర్కు కూడా ఉంటుంది. ఆ ఓర్కు చేతికి ఆయుధమిస్తే గోబ్లిన్లతోనూ హాబ్‌గోబ్లిన్లతోనూ సంతోషంగా పోరాడుతుంది, సందు దొరికితే మాత్రం పారిపోతుందని స్పష్టంగా రాశారు. బందీకి కూడా పగ, అవసరం, ఒక ఆలోచన ఉన్నాయి.

స్థలానికి కాలం కూడా ఉండాలన్నది ఇందులోని మూడో పాఠం. దాడికి గురైన తెగ తర్వాతిసారి అదే తప్పు చేయదు, జాగ్రత్తపడుతుంది. పూర్తిగా ఖాళీ చేసిన గుహ 1 నుంచి 4 వారాల వరకు ఖాళీగానే ఉంటుంది, ఆలోగా మళ్లీ ఎవరూ చొరబడకపోతే బతికి బయటపడినవారు తిరిగి వస్తారు, లేదంటే మరో ప్రాణి వచ్చి చేరుతుంది. ఈ నియమం చదివాక, నేను గీసే ప్రతి స్థలానికి పటం వెనక వైపు ఒక చిన్న పట్టిక రాసుకోవడం మొదలుపెట్టాను. ఇక్కడివారు పోతే ఈ చోటు ఎవరికి కావాలి, ఎన్నాళ్లలో వస్తారు అన్నవే అందులో ఉంటాయి. అది రాయడానికి పట్టే సమయం తక్కువ. ఆటగాళ్లు గాయాలు మానేదాకా కోటలో విశ్రాంతి తీసుకొని తిరిగి వచ్చినప్పుడు, తాము ఖాళీ చేసిన గుహలో కొత్త మంటల వెలుగు కనిపిస్తే వారి ముఖాల్లో వచ్చే మార్పు కోసమైనా ఆ శ్రమ పడవచ్చు.

కోట విషయంలో నాకు అంత తృప్తి లేదు. ద్వారపాలకుల నుంచి కోటాధిపతి వరకు, సత్రం, పానశాల, సరుకుల దుకాణం, బ్యాంకు, ప్రార్థనా మందిరం వరకు అన్నిటినీ వివరంగా రాశారు. కానీ ఒక్క మనిషికీ పేరు లేదు, అందరూ తమ పదవులతోనే కనిపిస్తారు. పేర్లు పెట్టే పనిని డన్జియన్ మాస్టర్‌కు వదిలిపెట్టడం ఉద్దేశపూర్వకమే అయినా, కొత్తవారికి ఇది భారమే. పేర్లు లేని చోట ప్రతివారి దగ్గరా ఎంత బంగారం, ఏ ఆభరణం, ఏ కవచం ఉందో మాత్రం లెక్కకట్టి ఉండటం వల్ల, ఈ మనుషులు మాట్లాడటానికి ఉన్నారా దోచుకోవడానికి ఉన్నారా అన్న సందేహం చదివేవారికి కలుగుతుంది. అయినా కోటలోని అద్దె గదుల్లో దిగిన సరదా మనిషిగా కనిపించే పూజారిని మాత్రం మరచిపోలేం. ఇద్దరు శిష్యులతో వచ్చిన అతను ఆటగాళ్లకు ఆతిథ్యమిస్తాడు, సాహసంలో తోడు వస్తానంటాడు. నిజానికి అతను శత్రుపక్షం మనిషి. బృందంలోనే ద్రోహి ఉండవచ్చు, జాగ్రత్త అన్న వదంతి నిజమని అప్పుడు తెలుస్తుంది. గుహల్లోని చెడుకూ కోటలోని భద్రతకూ మధ్య ఉన్న గోడను ఈ ఒక్క పాత్ర కూల్చేస్తుంది.

లోపాలను దాచాల్సిన అవసరం లేదు. బయలు ప్రాంతపు పటంలో ఒక్కో గడి వంద గజాలు మాత్రమే కనుక, ఇన్ని శత్రు తెగలు కోటకు నడక దూరంలోనే కాపురమున్నట్టు తేలుతుంది. ఇంత సైన్యమున్న కోట ఇన్నాళ్లు ఏం చేస్తోందని ఆటగాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. నేను గడి కొలతను మైలుగా మార్చాను. దాంతో రాకపోకలకు రోజులు పట్టి, తిండి, రాత్రి బస, దారిలో ఎదురయ్యే ప్రమాదాలు కూడా లెక్కలోకి వచ్చాయి. గుహల మధ్య దూరానికి మాత్రం ఇంత సులువైన చికిత్స లేదు. బద్ధశత్రువులు ఒకే చీలికలో ఎదురెదురుగా బతకడానికి బలమైన కారణం కావాలి. అన్నిటికంటే పైన ఉన్న దుష్ట దేవాలయపు పూజారులే వీరందరినీ ఇక్కడికి రప్పించి ఉంటారని ఊహించుకోవచ్చు గానీ, ఆ ముడిని మాడ్యూల్ గట్టిగా వేయలేదు.

అంతకంటే బరువైన సమస్య మరొకటి ఉంది. చాలా గుహల్లో పోరాడని ఆడవారు, పిల్లలు ఎందరున్నారో అంకెలతో రాశారు గానీ, ఆటగాళ్లు వారి ముందు కత్తులతో నిలబడితే ఏం చేయాలో చెప్పలేదు. ఇళ్లున్న చోట పిల్లలుండటం సహజమే, ఆ వివరం వల్లే ఈ గుహలు ఇళ్లలా అనిపిస్తాయి. కానీ ఇలాంటి దృశ్యాన్ని ఆటలో ఎవరూ సిద్ధపడని క్షణంలో ముందు పెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. నేను నడిపించేటప్పుడు, పోరు మొదలైన మరుక్షణమే వారు వెనకదారిన తప్పించుకుంటారని ముందే నిర్ణయించుకుంటాను. తెగ నాయకుడు పడిపోతే మిగిలినవారు సంధి కోరతారని కూడా రాసుకుంటాను. ఆ సంధి మాటల్లోంచే మా ఆటలో మంచి ఘట్టాలు పుట్టాయి.

పుట అమరిక కూడా నేటి పాఠకులకు కష్టమే. ఒకే పేరాలో గది వర్ణన, అక్కడివారి సంఖ్య, వారు ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే ఆరోగ్య పాయింట్లు, దాచిన నగలు, రహస్య ద్వారం అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఆట నడుస్తుండగా వెతకడం సాధ్యం కాదు. ముందురోజే ఒక్కో తెగకు ఒక్కో కార్డు రాసుకోవాలి. అందులో ఎందరున్నారు, ఎవరికి భయపడతారు, ఎవరితో లావాదేవీలున్నాయి, కేక వినిపిస్తే ఎంతసేపట్లో వస్తారు అన్న నాలుగు విషయాలు ఉంటే సరిపోతుంది.

ఈ పుస్తకంలో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేది ఏమీ రాయని ఒక చోటును. బయలు ప్రాంతపు పటంలో ‘కేవ్ ఆఫ్ ద అన్‌నోన్’ అన్న గుర్తు ఒకటి ఉంటుంది. దాని లోపల ఏముందో గైగాక్స్ రాయలేదు, ఆ గుహను డన్జియన్ మాస్టరే సొంతంగా తయారుచేసుకోవాలని వదిలిపెట్టారు. అప్పటివరకు చూపించిన పద్ధతిని ఇక్కడ సొంతంగా ప్రయత్నించే అవకాశం దొరుకుతుంది. నేను ఆ చోట ఉప్పు గనిని పెట్టాను. చలికాలానికి మాంసం నిల్వ చేసుకోవాలంటే గుహల్లోని ప్రతి తెగకూ ఉప్పు కావాలి. కనుక అందరూ అందరితో పోరాడినా గని మీద మాత్రం ఎవరూ దాడి చేయరు. గనిలో పనిచేసేది హాబ్‌గోబ్లిన్ల సైన్యం నుంచి పారిపోయి వచ్చినవారు. వారు మిగులు ఉప్పును కోటలోని ఒక దుకాణదారుకు చాటుగా అమ్ముతారు. ఇంత నిర్ణయించాకే గదులు గీశాను. ఉప్పు ఆరబెట్టే చోటు, తూకం వేసే చోటు, ఏ తెగవారు వచ్చినా ఆయుధాలు కిందపెట్టాల్సిన ద్వారం వాటంతటవే వచ్చాయి. రాక్షసుల జాబితాతో మొదలుపెట్టి ఉంటే ఆ ద్వారం నాకు తట్టేది కాదు. ఆటగాళ్లు గనిని ధ్వంసం చేస్తే చలికాలంలో ఆకలితో ఉన్న తెగలన్నీ కోట వైపు కదులుతాయి, కాపాడితే దుకాణదారు గుట్టు దాచిపెట్టాల్సి వస్తుంది. రెండింటిలో ఏది జరిగినా కథ ముందుకు సాగుతుంది.

కొనాలనుకునేవారికి కొన్ని వివరాలు చెప్పాలి. టీఎస్ఆర్‌ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే ఆటల సంస్థ కొనుగోలు చేసింది. పాత మాడ్యూల్ పీడీఎఫ్ రూపంలో ఇంటర్నెట్‌లో చట్టబద్ధంగా దొరుకుతోంది, ఇంటి ప్రింటర్ మీద పటాలు మాత్రం ముద్రించుకుంటే చాలు. డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాలతో ఆడేవారికి గుడ్‌మన్ గేమ్స్ అనే ప్రచురణ సంస్థ 2018లో విడుదల చేసిన గట్టి అట్ట పుస్తకం ‘ఇన్‌టు ద బోర్డర్‌ల్యాండ్స్’ మేలు. అందులో పాత పుటలతోపాటు ఐదో ఎడిషన్‌కు మార్చిన పాఠం కూడా ఉంది. అది బరువైన పుస్తకం, ధర కూడా ఎక్కువే కనుక, బృందంలో ఒక్కరు కొంటే సరిపోతుంది. పాత నియమాల రుచి చూడాలనుకునేవారికి ‘ఓల్డ్-స్కూల్ ఎసెన్షియల్స్’ ప్రాథమిక నియమాలు ఉచితంగా దొరుకుతాయి, వాటితో ఈ మాడ్యూల్‌ను దాదాపు మార్పు లేకుండా ఆడించవచ్చు. ఆ నియమాల్లో పాత్రల స్థాయిని పెంచే అనుభవ పాయింట్లలో ఎక్కువ భాగం తెచ్చుకున్న సంపదకే వస్తుంది, చంపినందుకు వచ్చేది కొద్దిగానే. ఆటగాళ్లు బేరాలు, దొంగదారులు వెతకడం మొదలుపెట్టేది అందుకే.

సిద్ధం చేసిన కథను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివి వినిపించాలనుకునేవారికి ఇది నచ్చదు, వారు కొనకపోవడమే మంచిది. ఇందులో ముందే రాసిన ముగింపు లేదు, ఆటగాళ్లను నడిపించే ప్రధాన కథ కూడా లేదు. సొంత లోకం కట్టుకుంటూ అందులో ఒక స్థలాన్ని బతికించాలని తపించేవారు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. తీసుకున్నాక ముందు తెగల మధ్య సంబంధాలు చెప్పే పేరా, ఖాళీ అయిన గుహల గురించిన పేరా చదివి, ఆ తర్వాతే కోబోల్డుల ద్వారం తెరవాలి.